ఏకచక్రపురమున తాబేళ్లు

నిజామాబాదు పట్టణమునకు వచ్చు యాత్రికులు సాధారణముగ చూచు స్థలములు కొన్ని కలవు. గుట్టమీది ఖిల్లా, అందలి రఘునాథాలయము, డిచుపల్లి రామాలయము, గోదావరీ మంజీరా హరిద్రా నదులు మూడును గలియు కందకుర్తి, ఇంకను ఓపిక యున్నచో బాసర సరస్వతి. ఇవి యన్నియు దర్శనీయములే. వీనిని గూర్చి వ్రాసినవారును పెక్కుమంది. నేను వ్రాయబూనినది యాత్రికుల కంటబడని విషయము. ఈ సీమలో ఇండ్ల పెరళ్లయందును, నీళ్లతొట్లయందును, చేదబావులయందును బ్రదుకుచున్న తాబేళ్లను గూర్చియు, వానిని పెంచువారిని గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిని.

మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. వారి యుద్యోగమునుబట్టి మా కాపురము నిజామాబాదున. ఈ పట్టణమునకు ఇందూరని పూర్వనామము. పెద్దవారి నోట నేటికిని ఆ పేరు వినవచ్చును. మావారు జీవశాస్త్రము బోధించువారగుటచే, పిట్టగూడు దొరికినను, పాముకుబుసము దొరికినను పిల్లలు వారియొద్దకే తెత్తురు. అట్టి పిల్లలలో నొకడు, బోధనులో తన నాయనమ్మ యింట నున్న తాబేలు కన్నులు విప్పుటలేదనియు, ఒక్కసారి వచ్చి చూడవలెననియు వేడుకొనెను. ఆ యాదివారము బాలుని వెంటబెట్టుకొని మేమిరువురమును బయలుదేరితిమి.

బోధను నిజామాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. బస్సు జానకంపేట, ఎడపల్లి గ్రామములమీదుగ పోవును. త్రోవకు చేరువనే అలీసాగరు జలాశయము కలదు. కాని సీమ కంతటికి ప్రాణమైనది నిజాంసాగరు. నవాబు అలీ నవాజ్ జంగు గారి పర్యవేక్షణమున మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన యా యానకట్ట యీ మెట్టభూములకు కాలువనీరు దెచ్చినది. నీటివెంట చెఱకు వచ్చెను. చెఱకువెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారము వచ్చెను. దాని చెంత వెలసిన బస్తీకి శక్కర్‌నగర్ అని పేరు. ఒకనాడు ఆసియాఖండమునకే పెద్దదని జనులు చెప్పుకొన్న యా కర్మాగారము 2015 డిసెంబరు మాసమున మూతపడినది. ఇప్పుడు బాట కిరుప్రక్కల వరియు, పసుపును, సోయాయు మెండుగ గానవచ్చుచున్నవి. చెఱకు అచ్చటచ్చట మాత్రమే తలయెత్తి నిలిచియున్నది.

నీరు వచ్చిన చోటికి తాబేలును వచ్చును. ఇచటి చెఱువులలో, కాలువలలో, వరిమళ్లలో నివసించు తాబేటికి డిప్ప యడుగున వెనుకవైపు మెత్తని మూతలుండును. బెదరినప్పుడు తలయు కాళ్లును లోనికి ముడుచుకొని యా మూతలు వేసికొనును. నత్తలను, పురుగులను, చచ్చిన చేపలను దిని నీటిని శుభ్రముగ నుంచును. వేసవిలో కాలువలు కట్టివేయగనే బురదలో దూరి తొలకరి దనుక కదలక పడియుండును. దుక్కి దున్నునపుడు బయటబడియో, తొలివానకు బాట దాటుచుండగనో యిది మనుష్యుల చేతికి చిక్కును. కొందఱు తినుటకై పట్టుదురు. కొందఱు ఇంట తాబేలున్న గలిసివచ్చునని బావిలో విడుతురు. కొందఱు పిల్లల వేడుకకై తొట్టిలో నుంతురు. కడపటి యిరు తెఱగులవారును దానికి కీడు తలచినవారు కారు. అయినను కీడు జరుగుచునే యున్నది.

అందులకు కారణమొకటి నాకు తోచుచున్నది. ఆకలిగొన్న యావు అంబా యనును. కుక్క మొఱుగును. పిల్లి కాళ్లకు చుట్టుకొని అఱచును. తాబేలు ఇంటివారి చెవికి సోకునట్లు ఏ ధ్వనియు చేయదు. పైగా దానికి ప్రాణము గట్టి. తిండి లేకున్నను, తగిన యెండ లేకున్నను, నెలల తరబడి క్షీణించునే గాని వెంటనే చావదు. బ్రదికియున్నది గదా యని ఇంటివారు సుఖముగ నున్నదనుకొందురు. ఇందూరు ఖిల్లాలో నొకప్పుడు కారాగారముండెడిది. అందు నిర్బంధింపబడిన దాశరథి కృష్ణమాచార్యులుగారు బొగ్గుముక్కతో గోడలపై పద్యములు వ్రాసిరని ప్రసిద్ధి. కవి బంధితుడైనను తన బాధను లోకమునకు దెలుపగలిగెను. తొట్టిలోని తాబేటి కా దారియు లేదు.

శక్కర్‌నగరున ఆ బాలుని నాయనమ్మ మమ్ము ఆదరముతో లోనికి బిలిచి పీటలు వేసెను. మేము వచ్చిన పని వినగనే ఆమె మోము చిన్నవోయెను. తొట్టి యెచట నున్నదని మనుమడు వెదకుచుండ నామె మాటాడదయ్యెను. తుదకు బాలుడే స్నానపుగది వెనుక చీకటి సందున దానిని కనుగొనెను. నీరు పచ్చబడి వాసన గొట్టుచుండెను. అందు పళ్లెమంత తాబేలు. చెవుల తావున ఎఱ్ఱని చారలు. కనుఱెప్పలు రెండును ఉబ్బి మూసికొని పోయినవి. మావారు వ్రేలితో నొత్తగా డిప్ప యంచు మెత్తగ లోనికి బోయెను.

అది మన దేశపు తాబేలు గాదు. అమెరికాఖండమున మిసిసిపీ నదీప్రాంతము దాని పుట్టినిల్లు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అని దాని పేరు. మన దేశపు తాబేళ్లను అమ్ముట నేరమగుటచే రంగుచేపల దుకాణములవారు దీనిని విక్రయింతురు. కొన్ననాడు రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దది. అంగడివారు దీనితోగూడ గాజుగిన్నెయు, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టును ఇత్తురు. ఇది పెరిగి జానెడుకంటె పెద్దదగుననియు, ముప్పదియేండ్లు బ్రదుకుట కలదనియు చెప్పువారుండరు.

నేనప్పుడు తాబేటి మాట విడిచి, ఆమె మోకాళ్ల నొప్పులను గూర్చి యడిగితిని. పిదప పిల్లలను గూర్చి యడిగితిని. ఒక్కొక్కటిగ నామె కథ బయటబడెను. పెనిమిటి ముప్పదియేండ్లు కర్మాగారమున పనిచేసెను. అది మూతపడిన రెండేండ్లకు చనిపోయెను. కొడుకు అప్పుచేసి దుబాయికి బోయెను. సెలవుపై వచ్చినప్పుడు, తన కొడుకు ముచ్చట దీర్చుటకై హైదరాబాదున నీ తాబేటిని కొనెను. కోడలు పిల్లల చదువునకై నిజామాబాదునకు మారెను. ఇంట మిగిలినవారు ఈమెయు తాబేలును. రోజును పిడికెడు అన్నము వేయుచునే యున్నది. కొడుకు ఫోను చేసినప్పుడెల్ల తాబేలు బాగున్నదా యని యడుగును, బాగున్నదని యామె చెప్పును.

అంతలో నొకనాడు ఎవడో యువకుడు వచ్చి తొట్టిని ఫొటో తీసి, మూగజీవిని హింసించుచున్నావు, జైలుకు పంపింతునని కేకలువేసి పోయెనట. ఆ భయముచే నామె తొట్టిని పెరటి నుండి చీకటిసందులోనికి జరిపెను. ఆ తాబేటి కున్న కొద్దిపాటి వెలుతురును నాటితో పోయినది. ఇది చెప్పి యామె కన్నులు తుడుచుకొని, "సాదుతున్ననో సంపుతున్ననో నాకే ఎర్క లేదు బిడ్డా" యనెను.

ఆ మాట నా మనస్సున నాటుకొని పోయినది. ఆ యువకుని యుద్దేశ్యము మంచిదే కావచ్చును. తాబేలును అదలించినచో నది తల లోనికి ముడుచుకొనును. మనుష్యులును అంతియే. నిందింపబడిన యిల్లాలు తలుపు వేసికొనును. తలుపు వెనుక తాబేలు చచ్చును.

బోధను నివాసులు తమ యూరే భారతమునందలి ఏకచక్రపురమని నమ్ముదురు. ఏకచక్రేశ్వరాలయమును, రాకాసిపేట యను పేటయు నందులకు సాక్ష్యములుగ జూపుదురు. చరిత్రకారులు దీనిని పౌదన్యపురమనియు, షోడశ మహాజనపదములలో నొకటియగు అశ్మకమునకు రాజధాని యనియు చెప్పుదురు. ఏకచక్రపుర కథలో బకాసురుని వధ అందఱికిని జ్ఞప్తియందుండును. అంతకు ముందు జరిగినది మఱచుట వాడుక. బ్రాహ్మణుని యింట తలదాచుకొన్న కుంతీదేవి లోపలి గదిలో ఏడ్పు విని, ఊరకుండలేక లోనికి బోయి, అమ్మా, మీ దుఃఖమునకు కారణమేమని మెల్లగ నడిగెను. వారు చెప్పినదంతయు వినెను. భీముని పంపుట ఆ తరువాతి మాట. ఆమె యడుగకున్నచో భీముని బలము ఆ యింటి కక్కఱకు వచ్చునా? ఈ పురమున నిలిచి నాకీ కథ జ్ఞప్తికి వచ్చుట వింత గాదు.

అటు పిమ్మట చేయవలసిన పని సులభమైనది. ప్రభుత్వ పశువైద్యు డొకరు తాబేటిని పరీక్షించి మందిచ్చి కారణములు విశదపఱచిరి. వారు చెప్పినవి సోదరీమణుల కుపకరించునని యిట వ్రాయుచున్నాను. ఎండ తగులనిచో దాని శరీరమున డి విటమిన్ పుట్టదు. అది లేనిచో తిన్న సున్నపుపదార్థము ఒంట బట్టదు, డిప్ప మెత్తబడును. కిటికీ యద్దము గుండ వచ్చు నెండ చాలదు, ఏలయన అవసరమైన కిరణములను గాజు అడ్డగించును. అట్లని మన మండుటెండలో నీడ లేని తొట్టి నుంచినను ఉడికి చచ్చును. సగము ఎండయు సగము నీడయు ఉండవలెను. నీటినుండి పైకెక్కి యారుటకు ఇటుక యొకటి వేయవలెను. వట్టి యన్నము దాని తిండి గాదు. ఎ విటమిన్ లోపించుటచేతనే కనుఱెప్పలు ఉబ్బినవి. ఆకుకూరలు, క్యారట్టు తురుము, చిన్నచేపలు, దాని కొఱకే తయారుచేసిన గుళికలు పెట్టవలెను. అది తిన్న నీటిలోనే విసర్జించును గనుక నీరు తఱచుగ మార్చవలెను. దానిని తాకిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తాబేళ్లపై సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండి పసిపిల్లలకు విరేచనములును జ్వరమును కలిగించును. అందుచేతనే అమెరికా ప్రభుత్వము 1975లో నాలుగంగుళములకు తక్కువ డిప్ప గల తాబేళ్ల విక్రయమును నిషేధించినది.

చిన్నయసూరిగారి మిత్రలాభము చదివినవారికి మంథరుడను తాబేలు జ్ఞాపకముండును. వ్యాధుడు దానిని బట్టుకొని పోవుచుండ లేడి చచ్చినట్లు నటించెను, కాకి దానిపై వ్రాలి నమ్మకము కలిగించెను, ఎలుక త్రాడు కొఱికెను. ఒక్కరితో నయ్యెడి పని గాదు. శక్కర్‌నగరునను అట్లే జరిగినది. మనుమడు ఆదివారమెల్ల వచ్చి తొట్టి కడుగుచుండెను. ప్రక్కయింటి పాప ఆకులు దెచ్చుచుండెను. ముసలమ్మ తొట్టిని వేపచెట్టు క్రిందికి జరిపించి ప్రొద్దుటి యెండలో దానికెదురుగ తానును గూర్చుండుచుండెను. మూడు నెలలకు కుడికన్ను విచ్చుకొనెను. ఎడమకన్ను రాలేదు. డిప్ప యంచు గట్టిపడినది గాని వంకర పోలేదు. ఆమె యిప్పుడు కొడుకుతో ఫోనులో అబద్ధమాడుట లేదు. జరిగినదంతయు చెప్పినదట. కొడుకు కొంతసేపు మౌనముగ నుండి, నీవు బాగున్నావా అమ్మా యని యడిగెనట.

ఇంకొకటి జరిగెను. ఈమెను మేము కసరలేదని విని, పొరుగు గ్రామపు రైతొకడు మెల్లగ వచ్చి, తన బావిలో నాలుగేండ్లుగ నొక తాబేలున్నదనియు, ఏమి చేయవలెనో తెలియదనియు మావారితో చెప్పెను. అది మన చెఱువులలోని మూతల తాబేలు. ఇచట చట్టము వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో, 2022లో చేసిన సవరణ పిమ్మటను, ఇది మొదటి షెడ్యూలున నున్నది. దానిని పట్టుట, పెంచుట, అమ్ముట నేరము. మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్ల వఱకు కారాగారశిక్ష విధింపవచ్చును. ఈ సంగతి తెలిసినవారు భయపడి రాత్రివేళ తాబేటిని పొదలలో పాఱవైచుట కలదు. మావారు రైతును వెంటబెట్టుకొని అటవీశాఖ కార్యాలయమునకు బోయిరి. అచటి యధికారి యతని మాట సాంతముగ విని, బుద్ధి చెప్పి పంపి, తాబేటిని స్వాధీనపఱచుకొనెను. తానుగా వచ్చి యొప్పగించినవానియెడ నాయన చూపిన సౌమనస్యము మెచ్చదగినది.

విదేశపు తాబేటినైనను, దేశపు తాబేటినైనను మనంతట మనము చెఱువున విడువరాదు. ఎఱ్ఱచారల తాబేటిని అలీసాగరులో విడిచిన పుణ్యమని యెవరైన తలంచిన నది పొరపాటు. అది మన తాబేళ్ల తిండిని తిని, ఎండ కాచుకొను తావుల నాక్రమించి, రోగములను వ్యాపింపజేయును. ప్రపంచమున మిక్కిలి హానికరములైన నూఱు వలసజీవుల పట్టికలో దాని పేరును చేరియున్నది.

భక్తి యున్నచోట కొఱత యుండదనుకొనుటయు సరిగాదు. శ్రీకాకుళము మండలమున శ్రీకూర్మక్షేత్రమున విష్ణుమూర్తి కూర్మరూపమున వెలసియున్నాడు. భక్తులు నక్షత్ర తాబేళ్లను దెచ్చి యచట సమర్పించుట వాడుకయైనది. 2025లో అచటి తాబేళ్ల మరణములను గూర్చి పత్రికలలో వార్తలు వచ్చి భక్తుల మనస్సులు కలతపడినవి. డిప్పపై పసుపుపచ్చని నక్షత్రములు గల యీ తాబేలు మెట్టనేలపై గడ్డి మేయునది. తొట్టినీటిలో నుంచిన మునిగి చచ్చును. అదృష్టము తెచ్చునను నమ్మకమే దీనికి దురదృష్టమై, వేలకొలది దొంగతనముగ విదేశములకు పోవుచున్నవి. అందుచే 2019లో జెనీవా సమావేశమున దీని యంతర్జాతీయ వాణిజ్యము కఠినముగ నిషేధింపబడినది.

తాబేటిని ఇంటికి దెచ్చుట యెంత దీర్ఘమైన బాధ్యతయో హైదరాబాదు చెప్పుచున్నది. అచటి నెహ్రూ జంతుప్రదర్శనశాలలో నొక గాలపాగోస్ తాబేలుండెను. 1963లో పబ్లిక్ గార్డెన్సు నుండి దాని నచటికి మార్చిరి. 2024 మార్చిలో సుమారు 125 ఏండ్ల వయస్సున నది కాలము చేసెను. దానికి తొలుత మేత వేసినవారిలో నొక్కరును దాని తుది దినములు చూచి యుండరు. ఎఱ్ఱచారల తాబే టంత కాలము బ్రదుకదు. అయినను ఎనిమిదేండ్ల బాలుడు అడిగెనని కొన్నది, వాడు బిడ్డల తండ్రియైన పిదపను మేత కొఱకు ఎదురుచూచుచుండును. కావున పిల్లలు దుకాణమున వ్రేలు చూపినప్పుడు, ముప్పదియేండ్లు దీనికి నీరు మార్చువారెవరని మనము ప్రశ్నించుకొనవలెను. ఆ పని తుదకు ఇంటి స్త్రీలపైననే పడుట మనకు తెలియని సంగతి గాదు.

ఇదివఱకే యింట నున్నదానిని గూర్చి సిగ్గుపడి దాచవలదు. పశువైద్యునికి చూపుడు. మన దేశపు తాబేలైనచో అటవీశాఖవారికి తెలుపుడు. పొరుగింట నట్టి జీవి కంటబడినచో, సోదరీమణులు మొదట ఆ యింటి యిల్లాలిని కుశల మడుగుదురు గాక; ఆమె చెప్పునది విన్న పిదప తొట్టి వంక జూతురు గాక.